చల్లటి ఇంజనుకు నాలుగు నిమిషాలు

మార్చి నెల పాత కార్ల క్లబ్బు పత్రిక నాలుగే కాగితాలు. మూడో కాగితం మీద, ఇంజన్లు విప్పి కట్టే లెన్ టర్వీ మరమ్మతుల గురించి రాస్తాడు. ఆ నెల అతని చివరి వాక్యం ఇది: "కొత్తగా విప్పి కట్టిన ఇంజను పొద్దున చల్లగా ఉన్నప్పుడు మిస్ కొడుతుంటే, ఇంజను కట్టినవాణ్ణి అనే ముందు, దాని కార్బ్యురేటర్లు ఎవరి వంటింట్లో తయారయ్యాయో కనుక్కోండి."

పేరు రాయలేదు. రాయనక్కర్లేదు. పాత స్పోర్ట్స్ కార్ల కార్బ్యురేటర్లను వంటింటి బల్ల మీద బాగుచేసే మనిషి బర్మింగ్‌హామ్‌లో ఒక్కతే. ఐరిస్ ఆలిబోన్. ఆమె వంటింటికీ మా వంటింటికీ మధ్య ఒక ఇటుక గోడ.

ఆమె ఆ కాగితం పట్టుకుని మా వెనక తలుపు తట్టింది. కళ్లజోడు పెట్టుకునే ఉంది. అయినా నన్ను చదవమంది. చదివాను. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను.

"వంటిల్లు అన్నాడు కదా."

"అన్నాడు."

"షెడ్డు అని రాయొచ్చు. ఇల్లు అని రాయొచ్చు. వెతికి వెతికి వంటిల్లు అన్నాడు."

టీ పోస్తానన్నాను. వద్దంది. కోపంగా ఉన్నప్పుడు ఐరిస్ ఏమీ తాగదు. ఆ మార్చి నెలలో ఆమె టీ తాగడం నేను చాలా తక్కువ సార్లు చూశాను.

పదిహేనో ఏట, యుద్ధం రోజుల్లో, ఆమె పెట్రోలును గాలిలో కలిపి ఇంజనుకు అందించే ఆ కార్బ్యురేటర్ల ఫ్యాక్టరీలో చేరింది. మొదటి వారమే రబ్బరు గొట్టం చేతికిచ్చారు. ఒక కొన చెవికి, ఒక కొన కార్బ్యురేటరు నోటికి. లోపలికి పోయే గాలి బుసను బట్టి మరను ఎంత తిప్పాలో తెలుస్తుంది. యుద్ధమయ్యాక మగవాళ్లు తిరిగొచ్చి అమ్మాయిల బల్లలు తీసుకున్నారు. ఆమె బల్లకు వచ్చినవాడు మూడు వారాలుండి వెళ్లిపోయాడు. అతను సరిచేసినవాటిని ఆమె మళ్లీ విని, ఒక్కోదాని మీద సుద్దముక్కతో తప్పు రాసి, అతని ముందు వరసగా పెట్టేది. అతను ఏడ్చాడని కొందరంటారు. ఆమెను అడిగితే, ఏడవలేదు, ముక్కు చీదుకున్నాడు అంటుంది.

ముప్పై నాలుగేళ్ల తర్వాత ఫ్యాక్టరీలో ఆమె విభాగం మూతబడింది. ఆమె రబ్బరు గొట్టం తెచ్చుకుంది. అప్పటినుంచీ పని వంటింట్లో. క్లబ్బు పత్రిక వెనక పేజీలో నమ్మదగిన పనివాళ్ల జాబితా ఒకటి ఉంటుంది. పదిహేడు పేర్లు. ఆడమనిషి పేరు అదొక్కటే. ఆ జాబితా చూసే మనుషులు ఆమె దగ్గరికి వస్తారు. ఇంకో దారి లేదు.

టర్వీ వాక్యం అచ్చయిన వారంలో ఇద్దరొచ్చి తమ కార్బ్యురేటర్ల పెట్టెలు వెనక్కి తీసుకుపోయారు. ఒకతను తొందరేమీ లేదన్నాడు. రెండో అతను అది కూడా అనలేదు. ఆ తర్వాత కార్యదర్శి పాస్‌మోర్ ఉత్తరం వచ్చింది. ఏప్రిల్ మొదటి మంగళవారం సమావేశంలో జాబితాను పునఃపరిశీలిస్తారట. ఆమె హాజరు కానవసరం లేదట. వాతావరణం మెరుగుపడుతున్నందుకు సంతోషమట.

"నన్ను తీసేస్తున్నారు," అంది ఐరిస్. "ఎండ కాస్తోందని కూడా చెప్పి మరీ తీసేస్తున్నారు."

గొడవకు మూలమైన కారు గిల్బర్ట్ ఫాలోస్‌ది. ఎర్రది, రెండు సీట్లది, పాతికేళ్ల నాటిది. ఫాలోస్ పోస్టాఫీసు కిటికీ వెనక జీవితమంతా కూర్చుని, రిటైరయ్యాక దాన్ని కొన్నాడు. శీతాకాలంలో ఇంజనును టర్వీకి ఇచ్చాడు. మా వైపు పద్ధతి ఏమిటంటే, ఇంజను ఒకరికి పోతుంది, జంట కార్బ్యురేటర్లూ అవి బిగించి ఉండే గాలి గొట్టమూ కలిపి ఇంకొకరికి పోతాయి, ఈసారి ఐరిస్‌కు. పొగ గొట్టం ఇంజనుతోనే ఉంటుంది. కాబట్టి గాలి గొట్టం, పొగ గొట్టం పక్కపక్కనే బతికేవి అయినా, కారులో మళ్లీ బిగించేదాకా ఒకదాన్నొకటి చూడవు.

కారు తయారైంది. వేడెక్కాక పట్టులా నడుస్తుంది. పొద్దున మొదటి నాలుగైదు నిమిషాలు మాత్రం కుంటి గుర్రంలా వణుకుతుంది, దగ్గుతుంది, ఆగిపోతుంది. ఫాలోస్ మూడుసార్లు టర్వీ దగ్గరికి తీసుకెళ్లాడు. తొమ్మిది మైళ్లు. చేరేసరికి ఇంజను కాగి ఉంటుంది. టర్వీ మూత ఎత్తి, విని, ఏ దోషమూ లేదన్నాడు. రెండోసారి, చోక్ లాగడం నేర్చుకోమన్నాడు. మూడోసారి, ఉంటే కార్బ్యురేటర్లలో ఉంటుందన్నాడు. తర్వాత పత్రికలో రాశాడు.

ఐరిస్ ఫాలోస్‌ను పిలిపించింది. వారం రోజులు కారు తన వెనక సందులో ఉండాలంది. తాళంచెవి తనకివ్వాలంది. రాత్రంతా చల్లారిన ఇంజను పొద్దున నాలుగు నిమిషాలే నిజం చెబుతుంది, ఆ తర్వాత మళ్లీ మర్నాటిదాకా అబద్ధమే చెబుతుంది, కాబట్టి రోజుకొక్క పరీక్ష, అంతకన్నా కుదరదని చెప్పింది. ఫాలోస్ అన్నిటికీ తలూపాడు. రెండో తాళంచెవి సంగతి చెప్పలేదు.

సోమవారం ఏడింటికి నన్ను సీట్లో కూర్చోబెట్టింది. బానెట్ మీద మంచు పేరుకుని ఉంది. చోక్ లాగి తాళం తిప్పాను. ఇంజను లేచి వణికింది. ఐరిస్ వంగి ముందు కార్బ్యురేటరు వింది, వెనకది వింది, మళ్లీ ముందుది వింది. వేలు పైకెత్తింది. ఆపేశాను. రెండూ ఒకటే బుస అంది. చోక్ రెండిటినీ సమానంగా లాగుతోంది అంది. ఆ రోజు టీ తాగింది.

మంగళవారం చెక్క బట్టలక్లిప్పుతో, ఒక్కో సిలిండరుకు పోయే ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే పీకి చూసింది. మొదటిది పీకితే ఇంజను కుంగింది. రెండోది పీకినా కుంగింది. మూడోది పీకితే తేడా లేదు. నాలుగోది పీకినా లేదు. అంటే వెనక రెండు సిలిండర్లూ పనిచేయడం లేదు. ఆ రెండిటికీ పెట్రోలు పోసేది వెనక కార్బ్యురేటరు.

ఆమె బట్టలక్లిప్పును ఏప్రన్ జేబులో పెట్టుకుని నిలబడింది. నేను వెనక కార్బ్యురేటరు వైపు చూశాను.

"అను," అంది. "నోట్లో ఉన్నది అను."

"వెనకది నువ్వు బాగుచేసిందే కదా అనుకుంటున్నాను."

"టర్వీ కూడా అదే అనుకుంటాడు. వాడికి వినడానికి చెవుల్లేవు కాబట్టి అనుకుంటాడు. నీకేమైంది?"

మధ్యాహ్నం ఆమె రెండు కార్బ్యురేటర్లనూ విప్పి చోట్లు మార్చింది. ముందుది వెనక, వెనకది ముందు. దోషం కార్బ్యురేటరులో ఉంటే దానితోపాటు ముందుకు నడిచి వస్తుంది. వెనకే ఉండిపోతే అది ఇంజను దోషం, టర్వీ దోషం. బుధవారం పొద్దున తేలిపోతుంది.

బుధవారం పొద్దున ఆరున్నరకు సందులోంచి ఇంజను శబ్దం వినిపించింది. నేను చెప్పులు వేసుకునేలోపే ఐరిస్ అక్కడుంది. ఫాలోస్ సీట్లో కూర్చుని ఉన్నాడు. గొంతుకు ఉన్ని మఫ్లరు, ఒళ్లో బేకన్ శాండ్‌విచ్ పొట్లాలు మూడు. ఇంజను మెత్తగా, హాయిగా తిరుగుతోంది.

"కాస్త వేడి చేసి పెడదామని వచ్చాను, మిస్ ఆలిబోన్. చలిలో మీరు నిలబడాల్సి వస్తోందని."

అతను చెడ్డవాడు కాదు. దగ్గుతూ ఆగిపోయే కారును ఎదుటివాళ్ల ముందు పెట్టడం అతని దృష్టిలో అమర్యాద. టర్వీ దగ్గరికి వెళ్లిన మూడుసార్లూ తన ఇంటి ముందు పావుగంట వేడిచేసి మరీ బయల్దేరాడట. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు పళ్లు తోముకున్నట్టు. అది అప్పుడే తెలిసింది మాకు.

ఐరిస్ చేయి లోపలికి పెట్టి తాళం తిప్పింది. నిశ్శబ్దం అయింది.

"మిస్టర్ ఫాలోస్. మీకు జ్వరం వస్తే, మందు వేసుకుని తగ్గాక వెళ్లి జ్వరం చూపిస్తారా?"

"నేను అలా ఆలోచించలేదండీ."

"నా పేరు మీద మంగళవారం ఓటు వేస్తున్నారు. ఈ వారంలో నాకు ఐదు ఉదయాలే మిగిలాయి. ఒకటి మీరు శాండ్‌విచ్‌తో పాటు తినేశారు."

అతను రెండో తాళంచెవి ఇచ్చేశాడు. మా ఇద్దరి పొట్లాలు కూడా ఇచ్చాడు. ఆమె తనది తీసుకోలేదు. నేను రెండూ తిన్నాను.

గురువారం ఆమె ముందురోజే తేల్చుకోవాల్సింది తేల్చుకుంది. మూడూ నాలుగూ సిలిండర్లే చచ్చి ఉన్నాయి. కార్బ్యురేటరు ముందుకు వచ్చింది, దోషం రాలేదు. క్లిప్పును బానెట్ అంచున పెట్టి, పక్కనున్న చెత్తడబ్బాను తన్నింది. రెండోసారి కూడా తన్నింది. చెత్తడబ్బా మాదే. సంతోషానికి ఆమె చేసే పని కూడా కోపంలాగే ఉంటుంది.

శుక్రవారం నూనెడబ్బాతో వచ్చింది. ఇంజను వణుకుతుండగా, గాలి గొట్టం ఇంజనుకు అతుక్కునే గీత వెంబడి చుక్కలు చుక్కలుగా పోసుకుంటూ వెళ్లింది. ముందు కొసన ఏమీ కాలేదు. వెనక కొసన నాలుగు చుక్కలు పడగానే వణుకు ఆగింది. ఒక్క క్షణం నాలుగు సిలిండర్లూ కలిసి పాడాయి. కారు వెనక నుంచి తెల్లటి పొగ వచ్చింది. నూనె లోపలికి పీల్చుకుంది. నూనె దూరే సందులో గాలి దూరుతుంది. ఆ దొంగ గాలే వెనక రెండు సిలిండర్ల పెట్రోలును పలచన చేస్తోంది. వేడెక్కాక గాలి గొట్టం అల్యూమినియం ఉబ్బి సందు మూసుకుంటుంది.

"ఆ అతుకు ఎవరు బిగించారు?" అని నన్ను అడిగింది, నేనే బిగించినట్టు.

"టర్వీ."

"ఇంకోసారి చెప్పు."

"లెన్ టర్వీ బిగించాడు."

ఇంజను చల్లారాక బోల్టులు విప్పింది. ఒక్కో బోల్టు కింద మందపాటి వాషరు ఉంటుంది. అది సగం గాలి గొట్టం అంచు మీద, సగం పొగ గొట్టం అంచు మీద కూర్చుని రెండిటినీ ఒకేసారి నొక్కుతుంది. వెనక వాషరు తిప్పి చూపించింది. పొగ గొట్టం వైపు సగం రాపిడికి తళతళలాడుతోంది. గాలి గొట్టం వైపు సగం మీద నలుపు చెదరలేదు. అంటే ఆ వైపును వాషరు సరిగ్గా ముట్టుకోనే లేదు.

మైక్రోమీటరు తెచ్చి రెండు అంచులూ కొలిచింది. వెనక కొసన గాలి గొట్టం అంచు పలచన. అంగుళంలో ఆరు వెయ్యో వంతులు. పోస్టుకార్డు మందంలో సగం.

"ఎవడిదో పొగ గొట్టం తెచ్చి తగిలించాడు. మందం చూసుకోలేదు. వాషరు ఊగుతుంటే బిగించి పారేశాడు. ఆ పేజీ వాడిచేత నమిలిస్తాను. ఉప్పు కూడా వేయనివ్వను."

గాలి గొట్టాన్ని వంటింటి బల్ల మీద పెట్టి టెలిఫోను దగ్గరికి వెళ్లింది. టర్వీ నంబరు ఆమెకు నోటికి వచ్చు. మూడంకెలు తిప్పింది. కిటికీలోంచి పడే వెలుగు బల్ల మీదుంది. నాలుగో అంకె తిప్పలేదు. రిసీవరు చేతిలోనే ఉంది. అందులోంచి గుయ్యిమనే చప్పుడు నాకు వినిపిస్తోంది.

గాలి గొట్టం అంచు మీద సన్నటి గీతలున్నాయి. ఎనిమిది అంకెలా మెలితిరిగిన గీతలు, ఒకదాని మీద ఒకటి, వందలు. గాజుపలక మీద ఉప్పుకాగితం పరిచి, లోహాన్ని ఎనిమిది ఆకారంలో తిప్పుతూ చేత్తో సాపు చేస్తే పడే గీతలు. ఎడమచేతివాటం వాళ్లు చేస్తే అవి ఆ వైపు వాలుతాయి. ఐరిస్‌ది ఎడమ చేయి.

ఆమె రిసీవరు పెట్టేసింది. కూర్చుంది.

జనవరిలో ఫాలోస్ పెట్టె వచ్చినప్పుడు వెనక అంచు మీద ఒక నొక్కు ఉందట. పాతదే, ఎవడో స్క్రూడ్రైవరుతో ఎత్తినప్పుడు పడింది. అతుకులో పెట్టే గాస్కెట్ అట్ట కింద దాగిపోయేదే. ఎవరూ చూడరు. సాపు చేయమని ఫాలోస్ అడగలేదు. కానీ అలాంటి మచ్చతో తన బల్ల మీదనుంచి ఏ వస్తువూ పోలేదు. ఒక శుక్రవారం మధ్యాహ్నమంతా నిలబడి ఆ అంచును ఉప్పుకాగితం మీద రుద్దింది. నొక్కు లోతుగా ఉంది కాబట్టి ఆ కొసన ఎక్కువ నొక్కి రుద్దింది. రెండు గొట్టాలనూ కలిపి బిగించి సాపు చేయాలి, ఒకదాన్ని విడిగా చేయకూడదు అన్నది పనిలోకి కొత్తగా వచ్చినవాడికి కూడా తెలుసు. రెండోది టర్వీ దగ్గరుంది. అడగాల్సింది. ఫోను చేసి అడగాలంటే టర్వీ అమ్మడూ అని పిలుస్తాడు. అతను ఆమెకన్నా పదేళ్లు చిన్న. చేయలేదు.

ఇదంతా ఆమె బల్ల వైపు చూస్తూ చెప్పింది.

వాషర్లలో పొగ గొట్టం వైపు సగాన్ని మెట్టులా ఆకురాయితో అరగదీస్తే కారు బాగుపడుతుందా అని అడిగాను. గంట పని అంది. అయితే అరగదీసి బిగించెయ్యి, కార్బ్యురేటర్లు బాగున్నాయని అందరూ వింటారు, మిగతాది ఎవరికి తెలుస్తుంది అన్నాను. నా వైపు చూసింది. ఇరవై రెండేళ్లుగా గోడ పక్కనున్నాను. నా మీద ఆ చూపు అదే మొదటిసారి.

"నా వంటింట్లో కూర్చుని ఆ మాట అనకు. బయటికెళ్లి అను."

బయటికి వెళ్లాను.

సాయంత్రమంతా గోడ అవతల ఆకురాయి చప్పుడు వినిపించింది. శనివారం పొద్దున నన్ను పిలవలేదు. తనే బయటనుంచి లోపలికి చేయి పెట్టి తాళం తిప్పింది. మా కిటికీలోంచి విన్నాను. మంచులో, మొదటి తిప్పుకే, నాలుగు సిలిండర్లూ సమంగా అందుకున్నాయి. ఆమె కదలకుండా నాలుగు నిమిషాలు నిలబడి ఆపేసింది. ఫాలోస్ కేకు తెచ్చాడు. గుమ్మంలోంచే పంపేసింది.

మంగళవారం సాయంత్రం పబ్బు వెనక గదిలో ఇరవై మంది దాకా ఉన్నారు. ఆమె సంచిలోంచి పాత గాస్కెట్, ఒక వాషరు తీసి బీరు గ్లాసుల మధ్య పెట్టింది. వెనక కొసన వేరే వాషరు అరగదీసి వేసి, ఈ పాతదాన్ని అలాగే దాచి ఉంచింది. టర్వీ కుర్చీ వెనక్కి వాల్చి కూర్చున్నాడు.

"ఏం తెచ్చావు అమ్మడూ, వంటింట్లోంచి?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆమె ఆగింది. నవ్వు దానంతటదే అయిపోయేదాకా ఆగింది.

"కార్బ్యురేటర్లు అటూ ఇటూ మార్చి చూశాను. దోషం కదల్లేదు. వాటిలో ఏమీ లేదు. నువ్వు రాసింది అబద్ధం, లెన్. దోషం గాలి గొట్టం అంచులో ఉంది. ఆరు వెయ్యో వంతులు పలచన. అది పలచన చేసింది నేను. ఎవరూ అడగలేదు. రెండో గొట్టంతో కలిపి చూడకుండా చేశాను. తప్పు నాది."

టర్వీ నోరు తెరిచాడు. ఆమె వాషరును అతని వైపు నెట్టింది.

"ఇది బిగించేటప్పుడు నీ వేలి కింద ఊగింది. ఊగకుండా ఉండదు. నీకు తెలిసింది. తెలిసీ పానా వేశావు. అదీ నువ్వు చెప్పు. నాది నేను చెప్పాను."

టర్వీ వాషరు తీసుకుని వెలుగులో తిప్పాడు. తళతళలాడే సగం, నల్లటి సగం చూశాడు. అతని మెడ ఎర్రబడింది.

"ఊగింది," అన్నాడు. "గాస్కెట్ సర్దుకుంటుందనుకున్నాను."

"సర్దుకోలేదు."

"లేదు."

ఓటు పెట్టమంది ఐరిస్. తన ముందే చేతులెత్తమంది. పాస్‌మోర్ దగ్గి, ఇంత నిజాయితీగా చెప్పాక ఇంకా అదంతా ఎందుకని, అందరి తరఫునా ధన్యవాదాలని, తర్వాతి అంశం వేసవి విహారమని అన్నాడు. అందరూ ఒక్కసారిగా వేసవి విహారం గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. ఆమె ఇంకా నిలబడే ఉంది. ఎవరో కుర్చీ జరిపారు. కూర్చోలేదు.

ఇంటికి వచ్చే బస్సులో ఒక్క మాట అంది. "తీసేసినా బాగుండేది. చేతులెత్తి తీసేసినా బాగుండేది."

టర్వీ పేజీకి ఆమె రాసిచ్చింది ఐదు వాక్యాలు. నేనే పోస్టు చేశాను. ఏప్రిల్ పత్రిక వచ్చింది. వెనక పేజీ జాబితాలో ఆమె పేరు ఉంది, ఎప్పటిలాగే. మూడో కాగితం కింద, వాషరు ఊగినప్పుడు తాను ఆగాల్సిందని టర్వీ ఒక వాక్యం రాశాడు. దానిపైన పాస్‌మోర్ దిద్దిన ఐరిస్ వాక్యాలు. ఐదు రెండయ్యాయి. "మన మిస్ ఆలిబోన్ మంచి ఉద్దేశంతో చేసిన పనిలో ఒక చిన్న తేడా వచ్చింది. ఆమె ఔదార్యంతో దాన్ని మన దృష్టికి తెచ్చారు."

ఈసారి నన్ను చదవమనలేదు. పెన్సిలు తీసి 'మంచి ఉద్దేశం' కొట్టేసింది. 'చిన్న' కొట్టేసింది. 'ఔదార్యం' మీద గీసిన గీతకు కాగితం చిరిగింది. కోటు వేసుకుంది. వాన పడుతోంది. గొడుగు తీసుకెళ్లమన్నాను. వినలేదు.

పాస్‌మోర్ ఇల్లు రెండు బస్సుల దూరం. తలుపు తీసి, లోపలికి రమ్మని, తడిసిపోయారే అని, టీ పెడతానన్నాడట. ఆమె తలుపు దగ్గరి చాప మీదే నిలబడిందట, నీళ్లు కారుతూ.

"టీ వద్దు," అందట. "కాగితం తెచ్చుకో. నేను చెబుతాను, నువ్వు రాయి. తప్పు నాది అన్న దగ్గర మొదలుపెట్టు."